గాలి పంపు ఏ గదిలో ఉంది?

మధ్యాహ్నం రెండున్నరకు ఆ ముందుగదిలో ఉన్నవాళ్ళం నలుగురం: రైతు సుబ్బారావు గారు, ఆయన భార్య రమాదేవి గారు, ఆయన తల్లి సీతారావమ్మ గారు, నేను.

ఉన్న వస్తువులు: నాలుగడుగుల అక్వేరియం, దాని కింద ఇనప స్టాండు, ఎదురుగా నవారు మంచం, గోడకి టీవీ, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, నా పనిముట్ల సంచి. అక్వేరియంలో గోల్డ్ ఫిష్‌లు ఆరు, ఏంజెల్ ఫిష్‌లు మూడు, బ్లాక్ షార్క్ ఒకటి, అడుగున గాజుకి అతుక్కుని పాచి తినే సక్కర్ ఒకటి. మొత్తం పదకొండు. వీటిని ఒకే తొట్టిలో కలపకూడదు, కానీ మన ఊళ్ళలో అందరూ కలుపుతారు.

పదకొండూ బతికే ఉన్నాయి. పదకొండూ తొట్టి కుడి మూలలో, నీటి పైభాగాన, తలలన్నీ ఎడమవైపుకి పెట్టి నిలబడి ఉన్నాయి. దేన్ని చూసినా తరిమే షార్కూ, దాన్ని చూస్తే పారిపోయే ఏంజెల్సూ పక్కపక్కనే ఉన్నాయి. మేత వేశాను. ఒక్కటీ కదల్లేదు. గింజలు వాటి ముక్కుల ముందునుంచే అడుగుకి దిగిపోయాయి.

తొట్టికి ఎడమవైపు ఒక తలుపు ఉంది. సీతారావమ్మ గారు పడుకునే గది అది.

"చూశావా నాయనా, నా గది వైపే చూస్తన్నయ్యి," అన్నారావిడ మంచం మీంచి. "నాలుగు రోజుల్నించీ ఇదే వరస. నేనిక్కడ కూర్చుంటే నన్ను దాటి చూస్తయ్యి. లోపల ఎవరో ఉన్నట్టు."

"లోపలుండేది నువ్వేగదమ్మా," అన్నారు సుబ్బారావు గారు. "నువ్వేమో ఇక్కడ కూర్చున్నావు. ఇంకెవరుంటారు?"

"అదే నేనూ అడుగుతన్నా."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆ తర్వాత వారంలో ఆ పెద్దావిడ ప్రాణం మీదికి వచ్చింది. అందులో నా తప్పు ఎంతో ఇక్కడ వరసగా రాస్తాను.

నేనెవరిని

ముప్పై నాలుగేళ్ళకి విరమణ అంటే నవ్వుతారని తెలుసు. ఫిషరీస్ డిప్లొమా చదివాక నా తోటివాళ్ళందరూ రొయ్యల చెరువుల మీదికి వెళ్ళారు. నేను గుంటూరులో ఒక అక్వేరియం షాపులో చేరాను. పన్నెండేళ్ళు బండి మీద తిరిగాను. పొన్నూరు నుంచి అద్దంకి దాకా ఇళ్ళు, డాక్టర్ల క్లినిక్కులు, మిల్లు ఆఫీసులు, రెండు బట్టల దుకాణాలు నా రూటు. రోజూ మోచేతుల దాకా నీళ్ళలో ఉండీ ఉండీ పోయిన ఎండాకాలం నా చేతులకి పొలుసులు లేచాయి. ఇక నీళ్ళలో చెయ్యి పెట్టొద్దని చర్మం డాక్టరు ఖాయంగా చెప్పారు. నా రూటు ఇద్దరు తీసుకున్నారు. ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం.

తొట్టి ఎలా కడగాలో, ఫిల్టరు ఎప్పుడు మార్చాలో రాయను. అది వీడియోల్లో ఉంది. నిన్నటిదాకా బాగున్న చేప ఇవాళ ఉన్నట్టుండి వింతగా ఉంటే ఏం చెయ్యాలి అన్నది ఒక్కటే రాస్తాను. మనల్ని పిలిచేది నిజానికి దానికే. మిగతాదంతా కడుగుడు పని.

కోటయ్య గారు

నాకు పని నేర్పింది షాపు ఓనరు కోటయ్య గారు. చేపని చూడటంలో ఆయనంత మనిషిని నేను మళ్ళీ చూడలేదు. తొట్టి ముందు పావుగంట నోరు మూసుకుని కూర్చునేవారు. ఏ చేప ముందు ఊపిరి పీలుస్తోంది, ఏది గులకరాళ్ళకి ఒళ్ళు రాస్తోంది, ఏది ఏ మూలకి పోనంటోంది, అంతా చూసి అప్పుడు అడిగేవారు. ఆయన లెక్కలో వింత ప్రవర్తనకి కారణాలు ఆరు: నీళ్ళు, గాలి, చెయ్యి, కరెంటు, వెలుగు, చప్పుడు. రోగం ఏడోది. ముందు ఆరూ కొట్టేసి అప్పుడు ఏడో దాని దగ్గరికి రమ్మనేవారు.

ఆ వరస నాకు చాలా చోట్ల పనికొచ్చింది. ప్రత్తిపాడులో ఒక పత్తి రైతు ఇంట్లో చేపలు రోజూ సాయంత్రం మేత వేయగానే వణికేవి, తెల్లారేసరికి మామూలైపోయేవి. కారణం చెయ్యి. ఆయన చేనుకి పురుగుల మందు కొట్టి వచ్చి, సబ్బుతో కడుక్కుని, మేత చిటికెడు తీసి స్వయంగా వేసేవాడు. చెంచాతో వెయ్యమన్నాను, ఆగిపోయింది. పొన్నూరులో ఒక బియ్యం మిల్లు ఆఫీసులో చేపలు తొట్టి మధ్యకి వచ్చి ముడుచుకుని ఉండేవి, గాజు దగ్గరికి పోయేవి కావు. మిల్లులో ఎవరో చనిపోయారని, అందుకే అలా ఉన్నాయని గుమస్తా చెప్పాడు. నేను నీళ్ళలో వేలు పెట్టాను, జిల్లుమంది. ఫిల్టరు మోటారు వైరు చీలి నీళ్ళలోకి కరెంటు వస్తోంది. కారణం నాలుగోది. మీరు వేలు పెట్టకండి, టెస్టర్ పెట్టండి.

కోటయ్య గారు నేర్పినవాటిలో ఒకటి మాత్రం తప్పు. ఆయన మీద గౌరవంతోనే ఈ మాట రాస్తున్నాను.

"ఒరేయ్ శీనూ, మన పని అయిదు గాజు పలకల మధ్యనేరా," అనేవారు. "నాలుగు పక్కలా నాలుగు, అడుగున ఒకటి. ఆరో పలక లేదు. జనాల ఇళ్ళల్లోకి పోతన్నాం. పిలవని గదిలోకి తొంగి చూడబాకు. అడగబాకు. ఒక్కసారి మాట పడ్డావంటే ఆ వీధిలో నాలుగు ఇళ్ళు పోతయ్యి."

మర్యాదగా ఉన్న మాట. పన్నెండేళ్ళు పాటించాను.

మొదటి రోజు

సుబ్బారావు గారి ఊరు అద్దంకికి ఇవతల, రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు. అటంతా శనగ, మిరప, కొంచెం పొగాకు. అక్వేరియం సీతారావమ్మ గారి కోసమే కొన్నారు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ గడప దాటలేరు. టీవీ ఇష్టం లేదు, అందులో అందరూ అరుస్తారని. పొద్దుటినుంచీ చేపల్నే చూస్తారు. ఒక్కోదానికీ ఊళ్ళో ఒక్కో మనిషి పేరు పెట్టారు. షార్కుకి మాజీ సర్పంచి పేరు.

తొట్టి పెట్టిన రోజు పంపు చప్పుడు టీవీకి అడ్డమొస్తోందని సుబ్బారావు గారు అంటే, నేనే గోడకి సన్నటి బెజ్జం వేసి, పంపుని పక్క గది అలమరలో పెట్టి, పైపూ స్విచ్చూ ముందుగదిలోకి లాగాను. అప్పుడా గదిలో మంచమూ, బట్టల దండెమూ తప్ప ఏమీ లేవు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

మొదట చెప్పిన ఆ మధ్యాహ్నం నీళ్ళు పరీక్ష చేశాను. క్లోరిన్ లేదు, అమ్మోనియా లేదు, వేడి సరిగ్గానే ఉంది. ఒకటో కారణం పోయింది. రెండోది గాలి. బుడగలు బాగానే వస్తున్నాయి. అది కూడా పోయిందనుకున్నాను. గాలి వస్తోందా లేదా అని చూశాను కానీ ఏ గాలి వస్తోందని చూడలేదు. మూడోది చెయ్యి. మేత వేసేది సీతారావమ్మ గారే, ఆవిడ పొలానికి పోరు.

పెరట్లోంచి ఘాటు వస్తోంది. రమాదేవి గారు పండుమిరప పచ్చడి తొక్కుతున్నారు. వెల్లుల్లి వాసన ఇల్లంతా కమ్ముకుని ఉంది. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. నేను మామూలుగా అందరినీ అడిగేదే అడిగాను.

"ఈమధ్య ఇంట్లో మందేమన్నా కొట్టారాండీ?"

ఆవిడ మొహం మారిపోయింది.

"మా ఇంట్లో ఆ అలవాటు ఎవరికీ లేదు బాబూ."

సుబ్బారావు గారు పగలబడి నవ్వారు. "ఓసి నీ! ఆ మందు కాదే. పురుగుల మందు అడుగుతన్నాడు అబ్బాయి. మందు పొలంలో కొడతాం గానీ ఇంట్లో ఎందుక్కొడతామయ్యా?"

"నీళ్ళల్లో మందేమన్నా వేశారా?"

"చేపలకి జరమొచ్చిందా ఏంది, మందెయ్యటానికి?"

సిగ్గేసింది. రమాదేవి గారు లోపలికి వెళ్ళిపోయారు, ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నేనూ ఇంకేమీ అడగలేదు. మన భాషలో తాగేదీ మందే, చల్లేదీ మందే, ఒంట్లో బాగాలేకపోతే మింగేదీ మందే. మూడింట్లో ఏదీ ఆ ఇంట్లో లేదు. ఇద్దరూ నిజమే చెప్పారు.

తర్వాత చేసింది నా రెండో తప్పు. పంపు ఆపి, మూడోవంతు నీళ్ళు తీసి, కొత్త నీళ్ళు పోశాను. ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటలో చేపలు మూల వదిలి ఒక్కొక్కటే మధ్యకి వచ్చాయి. షార్కు ఒక గోల్డ్ ఫిష్‌ని తరిమింది. సీతారావమ్మ గారు చప్పట్లు కొట్టారు. "సర్పంచి లేచాడు!"

"నీళ్ళదేనండీ తేడా," అని చెప్పి, పంపు మళ్ళీ వేసి వచ్చేశాను.

రెండు మార్చాను: నీళ్ళు మార్చాను, పంపు ఆపాను. నయం నీళ్ళకి కట్టబెట్టాను, ఎందుకంటే నా చూపు నీళ్ళ మీద ఉంది. మీరు ఎప్పుడూ ఒకసారికి ఒక్కటే మార్చండి. ఒకటి మార్చి ఆగండి. టీ తాగండి. అప్పుడు రెండోది.

ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకున్నాను. తేదీ, ఊరు, తొట్టి కొలత, పంపు ఎక్కడుంది, చేపలు ఏం చేశాయి, కారణం. ఈ గళ్ళు నేను డిప్లొమా రోజుల్నుంచీ గీస్తున్నాను. కారణం గడిలో 'నీళ్ళు' అని రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.

గాలి

నాలుగో రోజు పొద్దున సుబ్బారావు గారు ఫోన్ చేశారు. ఈసారి నవ్వు లేదు.

"అబ్బాయ్, మళ్ళీ ఆ మూలకే పోయినయ్యి. మూడు చచ్చినయ్యి. ఇంకో సంగతి చెప్తా, నవ్వబాకు. కరెంటు పోతే బాగుంటన్నయ్యి."

"అంటేనండీ?"

"పొద్దున తొమ్మిదింటికి మాకు కోత. కరెంటు పోయిన కాసేపటికి మామూలుగా తిరుగుతన్నయ్యి. పదకొండింటికి వచ్చిద్దా, అరగంటలో మళ్ళీ అన్నీ వరసగా నిలబడి ఆ గది వైపు చూపు. మా ఆవిడైతే తొట్టి మీద దుప్పటి కప్పేసింది. చూడలేకపోతన్నానంది."

"పెద్దావిడ ఎలా ఉన్నారండీ?"

ఎందుకడిగానో నాకు తెలియదు. ఆవిడ చేపల గురించే అడుగుతూ ఉంటారు కాబట్టి అయ్యుండొచ్చు.

"అదే చెప్పబోతన్నా. అమ్మకీ బాలేదు. తింటే వాంతి. లేస్తే తూలిపోతంది. మా ఊరి డాక్టరు గ్యాస్ అన్నాడు, టానిక్ ఇచ్చాడు. మా ఆవిడేమో గాలి సోకిందంటది. చేపలకి ముందు కనపడిందంట, తర్వాత అమ్మని పట్టిందంట. తాయెత్తు కట్టించింది. ఇంక బయటి గాలి తగలకూడదని కిటికీలు బిగించి ఆ గదిలోనే పడుకోబెట్టాం. రెండ్రోజులైంది."

కోటయ్య గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. "పంపు కరెంటు లీకవుతందేమోరా, పోయి పంపు మార్చు," అన్నారు. "ముసలామె సంగతి మనకెందుకు? పని చూసుకుని రా."

కొత్త పంపు సంచిలో వేసుకుని బయల్దేరాను.

పైపు

నేను వెళ్ళేసరికి పదకొండున్నర. కరెంటు వచ్చి అరగంట అయింది. దుప్పటి తీశాను. మిగిలిన ఎనిమిదీ కుడి మూలలో ఉన్నాయి, తలలు ఎడమవైపుకి. ఒక ఏంజెల్ పక్కకి ఒరిగిపోయి కూడా తల అటే పెట్టి ఉంది. నేను తొట్టి ఎడమ కొసన, వాటికి ఎదురుగా కుర్చీ వేసుకుని, కోటయ్య గారిలా నోరు మూసుకుని కూర్చున్నాను. నా వెనక తలుపు మూసి ఉంది. లోపలినుంచి మధ్యమధ్య దగ్గు.

ఒంటరిగా ఆ ఎనిమిది జతల కళ్ళ ముందు కూర్చున్నప్పుడు నాకూ వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూశాను. తలుపే ఉంది.

ఇక చూపుకి లెక్క కట్టాను. పైపు కొసకి తగిలించిన గాలి రాయి తొట్టి ఎడమ కొసన ఉంది. బుడగలు అక్కడ లేస్తున్నాయి. వాటితో లేచిన నీళ్ళు పైన ఎడమనుంచి కుడికి పారుతున్నాయి. సత్తువ లేని చేప ఎప్పుడూ పారే నీటికి ఎదురు నిలబడుతుంది. అంటే అవి తలుపుని చూడటం లేదు. గాలి రాయికి ఎంత దూరం పోగలవో అంత దూరం పోయి, దానికేసి తిరిగి నిలబడ్డాయి. అవి పారిపోయింది గాలినుంచి.

అప్పుడు వాసన తెలిసింది. వెల్లుల్లి.

"పచ్చడి ఇంకా తొక్కుతున్నారాండీ?" అని కేకేశాను.

రమాదేవి గారు వంటింట్లోంచే జవాబిచ్చారు. "ఎప్పుడో అయిపోయింది. మొన్న ఆదివారమే జాడీల్లోకి ఎత్తేశాం."

రోలు కడిగి పెరట్లో బోర్లించి ఉంది. పెరట్లో వాసన లేదు. వంటింట్లో లేదు. ముందుగదిలోనే ఉంది. గాలి రాయిని నీళ్ళలోంచి పైకి తీసి, పైపు కొసని మొహం దగ్గరికి తెచ్చుకున్నాను. పచ్చి వెల్లుల్లి, దాని కింద కుళ్ళిన చేప. తల దిమ్మెక్కింది. మీరు ఎప్పుడూ అలా వాసన చూడకండి.

తలుపు మీద రెండుసార్లు కొట్టి, పిలవకుండానే తీశాను. పన్నెండేళ్ళలో అదే మొదటిసారి.

గదిలో ఉన్నవి: మూసిన కిటికీలు రెండు, మంచం ఒకటి, దాని మీద సీతారావమ్మ గారు, అలమరలో నా పంపు. మంచానికీ అలమరకీ మధ్య, అటక దాకా, నీలం పట్టా కప్పిన బస్తాలు.

"ఎవరూ?" అన్నారావిడ.

"నేనేనమ్మా, చేపల అబ్బాయిని."

"వచ్చావా. లోపల ఎవరున్నారో చూడటానికొచ్చావా?"

పొలం నుంచి అప్పుడే వచ్చిన సుబ్బారావు గారు నా వెనక నిలబడ్డారు. నేను పట్టా చూపించాను.

"ఇవేంటండీ?"

"శనగలేగదయ్యా. రేటు లేదని ఆపాం. ఇరవై రోజులైంది."

"శనగల్లో ఏం పెట్టారు?"

"ఏం పెడతాం? పురుగు పట్టకుండా పోయిన వారం బిళ్ళలు పెట్టాం. అందరూ పెట్టేవే. పైన పట్టా కూడా కప్పాంగా."

"మందేమన్నా కొట్టారా అని అడిగాను కదండీ!"

"మందు కొట్టలేదు. బిళ్ళలు పెట్టాం." ఆయన నా మొహం చూశారు. "బిళ్ళలు మందెట్లా అయిద్దయ్యా?"

ఆ బిళ్ళలు గాలిలో తేమ తగిలితే విషవాయువు వదులుతాయి. పురుగు చచ్చేది ఆ వాయువుకే. అది పట్టా కింద ఆగదు. డిప్లొమాలో ఒక పేజీ ఉంది దాని మీద, నేను పరీక్షలో రాశాను కూడా. పంపు ఆ గదిలో గాలిని పీల్చి తొట్టిలోకి పంపుతోంది. పెద్దావిడ అదే గాలి పీలుస్తూ, కిటికీలు బిగించిన గదిలో రెండు రోజులుగా పడుకుని ఉన్నారు.

డాక్టరు గ్యాస్ అన్నాడు. రమాదేవి గారు గాలి అన్నారు. నేను మందు అన్నాను. ముగ్గురం సరిగ్గానే అన్నాం. ఒకరి మాట ఒకరం వినలేదు.

"ముందు ఆవిణ్ణి బయటికి తియ్యండి," అన్నాను.

"బయటి గాలి తగిలితే..." రమాదేవి గారు అడ్డం రాబోయారు.

"తగలాలండీ! అదే తగలాలి!"

నేనలా అరవటం నాకే కొత్తగా వినపడింది. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, మంచం తల వైపు పట్టుకున్నారు. సుబ్బారావు గారూ నేనూ కాళ్ళ వైపు. మంచంతో సహా వాకిట్లో వేప నీడకి తెచ్చాం. పక్కింటి వాళ్ళ కారులో ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బస్తాల్లో ఏ బిళ్ళలు ఉన్నాయో డబ్బా మీద పేరు చూసి కాగితం మీద రాసిచ్చాను. ఆ కాగితమే ఎక్కువ పనికొచ్చిందని తర్వాత డాక్టరు చెప్పారట. ఆ విషానికి విరుగుడు లేదు. గుండెని కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. ఇంకొక్క రోజు ఆ గదిలో ఉంటే ఆసుపత్రికి తేవాల్సిన పని ఉండేది కాదని కూడా అన్నారట.

ఎనిమిది రోజులకి ఆవిడ ఇంటికొచ్చారు. నేను చూడటానికి వెళితే తొట్టి ముందే కూర్చుని ఉన్నారు. అందులో రెండు చేపలు మిగిలాయి, ఒక గోల్డ్ ఫిష్, సక్కర్. పంపుని ముందుగదిలోకి మార్చాను. అది గురగురలాడుతూ ఉంది. టీవీ సౌండు పెంచుకున్నారు.

"సర్పంచి పోయాడు," అన్నారు సీతారావమ్మ గారు. "నాకు చెప్పే పోయాడు నాయనా. నేను తప్పుగా విన్నా. లోపల ఎవరో ఉన్నారనుకున్నా. లోపల ఉండొద్దంటన్నాడని అనుకోలేదు."

నేను లెక్క చెప్పబోయాను, గాలి రాయి, పారే నీళ్ళు, ఎదురు నిలబడటం. మొదలుపెట్టి ఆపేశాను. ఆవిడ చెప్పిందే పొట్టిగా ఉంది.

రమాదేవి గారు ఒక చిన్న సీసాలో పండుమిరప పచ్చడి తెచ్చి నా చేతిలో పెట్టారు. "మా ఇంట్లో మందు లేదన్నాగా ఆ రోజు," అన్నారు. అంతే అన్నారు.

అడగాల్సిన తీరు

'మందు' అనే మాట ఇక మీ నోట రాకూడదు. పేర్లు పెట్టి అడగండి: దోమల బిళ్ళ, చెదల డబ్బా, బొద్దింకల సుద్దముక్క, ధాన్యంలో పెట్టే బిళ్ళలు, పేల నూనె, గోడలకి కొత్త రంగు, కట్టిపెట్టిన విత్తనాల సంచులు. కాదన్నవాటికి కూడా ఒక్కోటి చూపించమనండి. 'కొట్టారా' అనొద్దు. 'ఈ ఇంట్లోకి కొత్తగా ఏం వచ్చింది, ఎక్కడ పెట్టారు' అనండి.

పంపు ఎక్కడుందో ఆ గదిలోకి వెళ్ళి చూడండి. పిలవకపోయినా వెళ్ళండి. మాట పడండి. నాలుగు ఇళ్ళు పోతే పోనివ్వండి.

ఈ సంగతంతా కోటయ్య గారికి చెప్పాను. "అయితే పంపు ఉన్న గది కూడా తొట్టే అన్నమాట," అన్నారు. ఆరో పలక గురించి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

కా.తె.

నోటుబుక్కులో కారణం గడిలో ఏమీ తోచకపోతే 'కా.తె.' అని రాస్తాను. కారణం తెలియదు అని. రూటు అప్పగించే ముందు పన్నెండేళ్ళ పుస్తకాలూ తీసి కా.తె. లన్నీ ఏరాను. నలభై ఒకటి. పంపు ఎక్కడుందో నేను ప్రతిసారీ రాసే ఉన్నాను. రాశానే కానీ ఎప్పుడూ తిరిగి చదవలేదు. నలభై ఒకటిలో పంపు వేరే గదిలో ఉన్నవి తొమ్మిది.

ఫోన్లు చెయ్యలేదు. ఫోనులో అడిగితే లేదంటారు. బండి వేసుకుని తొమ్మిదిళ్ళకీ వెళ్ళాను. తొమ్మిది చోట్లా ఆ గది చూపించమన్నాను. కొన్నిట్లో పాత సామాన్లే. కొన్నిట్లో బస్తాలు, డబ్బాలు, స్ప్రేయర్లు. బస్తాలూ డబ్బాలూ ఉన్న గదుల్లోనే నాలుగింట మంచం కూడా ఉంది. మూడు చోట్ల ఆ రోజే మంచాలు మార్పించాను, ఎదురుగా నిలబడి.

నాలుగో ఇంట్లో మంచం మీద పరుపు చుట్టి ఉంది. ఆ ఇంటి కోడలు తలుపు తీసి చూపించారు.

"ఇందులో ఎవరు పడుకుంటారండీ?"

"మా మామగారండీ. ఇప్పుడు ఖాళీయే. పోయారు."

"ఎప్పుడండీ?"

"పోయినేడు. పెద్దాయనగా, వయసైపోయింది." ఆవిడ నా సంచి వంక చూసి గుర్తుపట్టారు. "మీరేగా అప్పుడు వచ్చింది? ఆయన పోయిన వారమే చేపలు కూడా పోయినయ్యి. నీళ్ళు తీసుకెళ్ళి పరీక్ష చేస్తానన్నారు. ఏం తేలిందండీ?"

పుస్తకం నా సంచిలోనే ఉంది. ఆ పేజీలో నేను రాసింది రెండక్షరాలు. ఆ పెద్దాయన దానివల్లే పోయారని నేను చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. ఆవిడకి మాత్రం, తెలియలేదండీ అని చెప్పాను. గదిలో ఉన్న డబ్బాలు బయట కొట్టంలో పెట్టించి వచ్చాను.

ఇళ్ళు తొమ్మిది. మంచాలు నాలుగు. మనుషులు ముగ్గురు.